సూపర్‌హీరో కామిక్స్ ఏ వరుసలో చదవాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది: సైన్స్ ఫిక్షన్ నవలలు ఎంతోకాలంగా చదువుతున్నారు. మార్వెల్, డీసీ కంపెనీల సూపర్‌హీరో సినిమాలు చూశారు. ఇప్పుడు కామిక్స్ కూడా చదవాలని ఉంది. కానీ ఒక్కో పాత్రకు అరవై, ఎనభై ఏళ్ల చరిత్ర ఉండటంతో ఏ వరుసలో మొదలుపెట్టాలో తోచడం లేదు. నవలలకు అలవాటుపడిన మనిషికి ఇవి రుచిస్తాయా అన్న సందేహమూ ఉంది. పైగా పన్నెండేళ్ల మీ అమ్మాయి తానూ చదువుతానంటోంది.

చిన్నతనం నుంచి ఈ రెండు రకాల పుస్తకాలూ వదలకుండా చదువుతున్నాను కాబట్టి సూటిగా చెబుతాను. వరుస సంగతి మరిచిపోండి. అట్ట మీద ఏ హీరో ఉన్నాడన్నది చూడకండి. ఎవరు రాశారు, ఎవరు గీశారు అన్నది చూడండి. మొదలూ ముగింపూ ఉన్న కథ ఒకటి తీసుకుని, బొమ్మలను మాటలంత శ్రద్ధగా చదవండి. ఎనభై ఏళ్ల చరిత్ర మిమ్మల్ని ఏమీ చేయదు.

ముందుగా మీ సందేహం తీర్చాలి. సూపర్‌హీరో కథ సైన్స్ ఫిక్షన్‌కు దూరపు చుట్టమేమీ కాదు, కడుపున పుట్టిన బిడ్డ. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు హైస్కూలు రోజుల నుంచే సైన్స్ ఫిక్షన్ అంటే ప్రాణం పెట్టేవారు. ఆ పేరుతోనే సొంతంగా ఒక చిన్న పత్రిక నడిపేవారు. 1933లో అందులోనే సూపర్‌మ్యాన్ అనే మాటతో తొలి కథ వేశారు. ఆ కథలో సూపర్‌మ్యాన్ దుర్మార్గుడు! మనకు తెలిసిన సూపర్‌మ్యాన్ 1938 జూన్ తేదీతో వచ్చిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో కనిపించాడు. ఆ కథ మొదటి పేజీ ఎక్కడైనా దొరికితే తప్పక చూడండి. అందులోని సూపర్‌మ్యాన్‌కు ఎగరడం రాదు. ఫర్లాంగు దూరం దూకగలడు, ఇరవై అంతస్తుల భవనాన్ని ఒక్క గెంతులో దాటగలడు, అంతే. ఆ పేజీ అడుగున అతని బలానికి శాస్త్రీయమైన వివరణ కూడా ఇచ్చారు. చీమ తన బరువుకు వందల రెట్లు మోయడం లేదా? మిడత తన ఒంటి పొడవుతో పోలిస్తే ఎంత దూరం గెంతుతుంది? ఇతను పుట్టిన గ్రహంలో జనం శరీర నిర్మాణంలో మనకంటే లక్షల ఏళ్లు ముందున్నారు కాబట్టి ఇది సాధ్యమే అంటారు ఆ కుర్రాళ్లు. ఈ వాదన సైన్సు పరీక్షకు నిలవదు. అయినా పాఠకుడికి సంజాయిషీ ఇవ్వాలన్న ఆ తపన అచ్చంగా సైన్స్ ఫిక్షన్ అభిమానిదే.

జూలియస్ ష్వార్ట్‌జ్ అనే మరో పేరు గుర్తుపెట్టుకోండి. ఈయన కూడా మొదట అభిమానే. 1932లో మోర్ట్ వైసింగర్ తదితర మిత్రులతో కలిసి సైన్స్ ఫిక్షన్ అభిమానుల పత్రిక తెచ్చాడు. తర్వాత రచయితల ఏజెంటుగా పనిచేస్తూ, అప్పటికి ఎవరికీ తెలియని రే బ్రాడ్‌బరీ తొలి కథలను పత్రికలకు అమ్మిపెట్టాడు. 1944లో కామిక్స్ సంపాదకత్వంలోకి వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మూలపడిన ఫ్లాష్ పాత్రను 1956లో కొత్త మనిషిగా, కొత్త దుస్తుల్లో మళ్లీ నిలబెట్టింది ఆయన సంపాదకత్వంలోనే. 1961లో గార్డ్‌నర్ ఫాక్స్ రాయగా కార్మైన్ ఇన్ఫాంటినో గీసిన ఫ్లాష్ 123వ సంచికలో ఒక ముచ్చట ఉంది. కొత్త ఫ్లాష్ పొరపాటున మరో భూమి మీదికి చేరి, తాను చిన్నప్పుడు కామిక్ పుస్తకంలో చదివిన పాత ఫ్లాష్‌ను కళ్లారా చూస్తాడు. మన లోకంలో కథ అనుకున్నది పక్క లోకంలో నిజమన్నమాట. ఇవాళ ప్రతి సినిమాలోనూ వినిపిస్తున్న మల్టీవర్స్‌కు కామిక్స్‌లో పునాది వేసింది ఈ సంచికే. అందులో యుద్ధాలు, ప్రళయాలు పెద్దగా లేవు. చిన్ననాటి హీరోను కలుసుకున్న అభిమాని ఆనందం మాత్రం నిండుగా ఉంది.

మార్వెల్ మొదలైన తీరు కూడా ఇలాంటిదే. గగారిన్ అంతరిక్షంలోకి వెళ్లిన 1961లోనే ఫెంటాస్టిక్ ఫోర్ వచ్చింది. కమ్యూనిస్టుల కంటే ముందు అంతరిక్షం చేరాలన్న తొందరలో నలుగురు రాకెట్ ఎక్కి, కాస్మిక్ కిరణాల బారిన పడతారు. మరుసటి ఏడాది వచ్చిన హల్క్‌కు గామా బాంబు, స్పైడర్‌మ్యాన్‌కు రేడియోధార్మికత సోకిన సాలీడు. అణుబాంబు భయం జనం మనసులో ఉన్న కాలమది. 2002లో సినిమా తీసేటప్పటికి ఆ సాలీడు జన్యుమార్పిడి సాలీడు అయింది. ఏ కాలానికి ఏ సైన్సు భయపెడితే ఈ కథలు దాన్నే పట్టుకుంటాయి. నవలలు చదివే మీకు ఈ అలవాటు బాగా పరిచయం.

కాబట్టి మంచి సూపర్‌హీరో కథను నేను పట్టిచూసే గీటురాయి సైన్స్ ఫిక్షన్‌దే. ఒక్క అసాధ్యాన్ని ఒప్పుకోమని కథ నన్ను అడగవచ్చు. ఆ తర్వాత దాని పర్యవసానాలను దాపరికం లేకుండా చివరిదాకా నడపాలి. ఇందుకు నాకు బాగా నచ్చిన ఉదాహరణ టామ్ కింగ్ రాసిన ద విజన్. గేబ్రియల్ హెర్నాండెజ్ వాల్టా గీశాడు. 2015, 2016లలో 12 సంచికలుగా వచ్చి ముగిసిపోయింది. యంత్రమానవుడైన విజన్ తనకో భార్యను, ఇద్దరు పిల్లలను తయారుచేసుకుని, వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్టన్‌లో మామూలు ఇల్లు తీసుకుని కాపురం పెడతాడు. పిల్లలు బడికి వెళ్తారు. ఇరుగుపొరుగు పలకరించడానికి వస్తారు. మామూలు మనుషుల్లా బతకాలన్న ఆ కోరిక ఒక అబద్ధానికీ, అది ఇంకో అబద్ధానికీ దారితీస్తుంది. కొట్లాటలు చాలా తక్కువ. యంత్రానికి కుటుంబం అంటే ఏమిటన్న ప్రశ్నను ఇంత బాధగా అడిగిన కథలు తక్కువే చదివాను. ఎవెంజర్స్ చరిత్ర ఒక్క ముక్క తెలియకపోయినా దీన్ని చదవవచ్చు. మీకు నేను మొదట చెప్పే పుస్తకం ఇదే.

ఇక నవలకు సాధ్యం కానిది కామిక్‌కు ఏమిటి సాధ్యం అన్న ప్రశ్న ఉంది. అన్నిటికంటే దీని గురించే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది. వాచ్‌మెన్ మీరు వినే ఉంటారు. ఆలన్ మూర్ రాయగా డేవ్ గిబ్బన్స్ గీసిన ఈ 12 సంచికలు 1986, 1987లలో వచ్చాయి. 1988లో దీనికి సైన్స్ ఫిక్షన్ రచనలకు ఇచ్చే హ్యూగో పురస్కారం ప్రత్యేక విభాగంలో వచ్చింది. అందరూ దాని కథ గురించీ, హీరోల చీకటి కోణాల గురించీ మాట్లాడతారు. నేనైతే నాలుగో సంచికను ఒక్కదాన్నే తీసి చదవమంటాను. డాక్టర్ మన్‌హాటన్ అనే పాత్రకు కాలం మనలా ఒక క్షణం తర్వాత ఒక క్షణంగా నడవదు. గడిచిందీ, గడవబోయేదీ అన్నీ అతనికి ఒకేసారి జరుగుతూ ఉంటాయి. అంగారక గ్రహం మీద ఒంటరిగా ఉంటాడు, చేతిలో పాత ఫోటో ఒకటి. ఒక ప్యానెల్లో, అంటే పేజీలోని ఒక బొమ్మ గడిలో, ఆ ఫోటో చేతిలో ఉంటుంది. మరో ప్యానెల్లో అదే ఫోటో ఎర్రటి ఇసుకలో పడి ఉంటుంది. పన్నెండు సెకన్ల తర్వాత దాన్ని జారవిడుస్తానని అతనికి ముందే తెలుసు.

ఇదే సంగతి నవలలో అయితే ఒక వాక్యం తర్వాత ఒక వాక్యంగా రావాల్సిందే, సినిమాలో ఒక దృశ్యం తర్వాత ఒక దృశ్యంగా రావాల్సిందే. కామిక్ పేజీ తెరిచినప్పుడు చేతిలోని ఫోటో, ఇసుకలోని ఫోటో రెండూ ఒకే క్షణంలో మీ కళ్ల ముందుంటాయి. ఏది ముందు చూడాలన్నది మీ ఇష్టం. డాక్టర్ మన్‌హాటన్ కాలాన్ని ఎలా చూస్తాడో, పాఠకుడు పేజీని అలాగే చూస్తాడు. ఆ సంచిక చదువుతూ ఈ సంగతి తట్టినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. వాచ్‌మెన్‌లో చాలా పేజీలు మూడు అడ్డవరుసలు, వరుసకు మూడు ప్యానెళ్లు అన్న చట్రంలో ఉంటాయి. చట్రం అంత నిలకడగా ఉండబట్టే ఎక్కడైనా రెండు ప్యానెళ్లు కలిసి పెద్దదైతే మన గుండె ఒక్కసారి ఆగుతుంది. ఐదో సంచికలో మొదటి పేజీ అమరికకు చివరి పేజీ, రెండోదానికి చివరి నుంచి రెండోది అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. మొదటిసారి చదివేటప్పుడు చాలామందికి ఇది తెలియదు. రెండోసారి వెతుక్కుంటూ చదవండి.

ఇంత చీకటి కథే గొప్పదన్న అభిప్రాయం మాత్రం నాకు లేదు. వాచ్‌మెన్‌ను చూసి వాతలు పెట్టుకున్న కథలు ఆ తర్వాతి పదేళ్లలో కుప్పలుగా వచ్చాయి. వాళ్లకు అందులోని హింస కనిపించింది కానీ, పేజీ కట్టిన పనితనం కనిపించలేదు. దీనికి విరుగుడుగా గ్రాంట్ మారిసన్, ఫ్రాంక్ క్వైట్లీల ఆల్‌స్టార్ సూపర్‌మ్యాన్ చదవండి. ఇదీ 12 సంచికలే, 2005 నుంచి 2008 వరకు వచ్చింది. సూపర్‌మ్యాన్ పుట్టుక కథ మొత్తం మొదటి పేజీలోనే, నాలుగు ప్యానెళ్లలో, ఎనిమిదంటే ఎనిమిది ఇంగ్లీషు మాటల్లో అయిపోతుంది. నాశనమవుతున్న గ్రహం, దిక్కుతోచని శాస్త్రవేత్తలు, వాళ్ల ఆఖరి ఆశ, దయగల దంపతులు. పేజీ తిప్పగానే సూర్యుడి దగ్గర ఉంటాం. అంత పొదుపుగా చెప్పగలిగినవాళ్లే పదో సంచికలో ఒక చిన్న సంఘటనకు ఒక పేజీ మొత్తం ఇచ్చారు. ఎత్తైన భవనం అంచున ఒంటరిగా నిలబడి దూకబోతున్న అమ్మాయి వెనకాలకు సూపర్‌మ్యాన్ వచ్చి నిలబడతాడు. ఆమెతో మాట్లాడి, దగ్గరికి తీసుకుంటాడు. కథలో అతను చనిపోబోతున్నాడు, చేయాల్సిన పెద్ద పనులు ఎన్నో ఉన్నాయి, అయినా అక్కడ ఆగాడు. సూపర్‌మ్యాన్‌కు అన్ని శక్తులూ ఉంటే ఇక ఆసక్తి ఏముందని అడిగేవాళ్లందరికీ నేను ఈ పేజీ చూపిస్తాను.

ఇప్పుడు వరుస ఎందుకు వద్దన్నానో చెబుతాను. ఈ పాత్రలు కంపెనీల ఆస్తి. వాటిని ఎప్పటికీ ముగించరు. ఒక రచయిత చంపిన పాత్రను మరొకరు బతికిస్తారు. 1992 చివర్లో సూపర్‌మ్యాన్ చనిపోయాడని ప్రపంచమంతా వార్తలు వచ్చాయి, లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. మరుసటి ఏడాదికల్లా తిరిగొచ్చాడు. అన్ని పాత్రలనూ ఒకచోట చేర్చే భారీ కథలు కూడా తరచూ వస్తుంటాయి. వాటిని అర్థం చేసుకోవాలంటే డజను పుస్తకాలు కొనాలి. 1984లో మార్వెల్ వేసిన సీక్రెట్ వార్స్ మాటెల్ కంపెనీ బొమ్మల అమ్మకం కోసం పుట్టింది. పాత అభిమానులకు అందులో సరదా ఉంటుంది, కాదనను. కొత్తవాళ్లు అక్కడ అడుగుపెడితే విసుగెత్తి మొత్తానికే మానేస్తారు. ఒకే రచయిత ఏళ్ల తరబడి నడిపిన కథాక్రమాలు వేరు. క్రిస్ క్లేర్‌మాంట్ 1975 నుంచి 1991 దాకా ఎక్స్‌మెన్ రాశాడు. ఒక మనిషి పదహారేళ్లు అవే పాత్రలతో కాపురం చేస్తే వాటికి ఎంత ప్రాణం వస్తుందో అందులో తెలుస్తుంది. అందులోంచి 1981లో జాన్ బర్న్‌తో చేసిన రెండు సంచికల డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్ ముందు చదివి చూడండి. చందమామలో నెలనెలా సీరియల్ కోసం ఎదురుచూసి, సశేషం అన్న మాట దగ్గర నిట్టూర్చిన ఇంటివాళ్లు మీకుంటే ఆ రుచి వేరే చెప్పనక్కరలేదు.

పేర్లు చూడమనడానికి మరో కారణం కూడా ఉంది. దీని గురించి నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు. సీగెల్, షుస్టర్ సూపర్‌మ్యాన్ హక్కులను 130 డాలర్లకు రాసిచ్చేశారు. కంపెనీ కోట్లు గడించింది. వాళ్లిద్దరూ ముసలితనంలో ఇబ్బందులు పడ్డారు, షుస్టర్ చూపు దెబ్బతింది. తోటి కళాకారులు, పత్రికలు గొడవ చేస్తే 1975లో గానీ ఏడాదికి 20,000 డాలర్ల పింఛను, కథల మీద పేరు దక్కలేదు. బ్యాట్‌మ్యాన్ దుస్తులు, స్వభావం, గోథమ్ నగరం పేరు వంటివెన్నో ఊహించిన బిల్ ఫింగర్ 1974లోనే చనిపోయాడు. సృష్టికర్తల వరుసలో ఆయన పేరు అధికారికంగా చేరింది 2015లో. మార్వెల్ చిత్రకారుడు జాక్ కర్బీ సంగతి ఇంకా చిక్కు. మార్వెల్లో ఆ రోజుల్లో రచయిత కథాంశం క్లుప్తంగా చెబితే చిత్రకారుడు పేజీలన్నీ గీసుకొచ్చేవాడు, మాటలు ఆ తర్వాత పడేవి. అంటే కథలో ఎక్కువ భాగం బొమ్మ గీసేవాడి బుర్రలోనే తయారయ్యేది. 1966లో గ్రహాలను మింగే గెలాక్టస్ కథలో సిల్వర్ సర్ఫర్‌ను కర్బీ తనంతట తానే చేర్చి గీశాడు. ఆ పేజీలు వచ్చేదాకా రచయిత స్టాన్ లీకి అలాంటి పాత్ర ఒకటి ఉందని తెలియదు. సినిమా చివర పేర్ల దగ్గర లేచి వెళ్లిపోవడం మనకు అలవాటు. కామిక్స్ దగ్గర మాత్రం మొదటి పేజీలోని పేర్లు చదివే ముందుకు వెళ్లండి. రంగులు వేసినవారి పేరు, మాటల బుడగల్లో అక్షరాలు రాసినవారి పేరు కూడా ఉంటుంది.

సూపర్‌హీరోలు లేని సైన్స్ ఫిక్షన్ కామిక్స్ సంగతి. ఇక్కడ మీకు మరింత విందు దొరుకుతుంది. అమెరికాలో ఈసీ అనే ప్రచురణ సంస్థ 1950లలో వేసిన కామిక్స్‌తో మొదలుపెట్టవచ్చు. 1953లో ఆల్ ఫెల్డ్‌స్టీన్ రాసి, జో ఒర్లాండో గీసిన జడ్జిమెంట్ డే అనే చిన్న కథ ఉంది. మరమనుషుల గ్రహం ఒకటి. నాగరిక గ్రహాల సంఘంలో చేరడానికి దానికి అర్హత ఉందో లేదో చూడటానికి భూమి నుంచి ఒక పరిశీలకుడు వస్తాడు. లోపలి యంత్రం ఒకటే అయినా నారింజ రంగు మరమనుషులు నీలం రంగువాళ్లను వెలివాడల్లాంటి చోట ఉంచుతారు. పరిశీలకుడు అర్హత లేదని చెప్పి రాకెట్ ఎక్కి శిరస్త్రాణం తీస్తాడు. నల్లజాతి మనిషి, నుదుట చెమట చుక్కలు నక్షత్రాల్లా మెరుస్తుంటాయి. 1956లో దీన్ని మళ్లీ వేయబోతే, కామిక్స్‌ను తనిఖీ చేసే కోడ్ సంస్థ ఆ మనిషి నల్లజాతివాడు కాకూడదంది. తర్వాత కనీసం చెమట అయినా తీసేయమంది. ప్రచురణకర్త బిల్ గెయిన్స్ ససేమిరా అన్నాడు. కథ ఒక్క గీత మారకుండా అచ్చయింది. ఈసీ వేసిన ఆఖరి కామిక్ పుస్తకం అదే. కులం చూసిన కళ్లతో మనం ఆ ఏడు పేజీలు చదివితే అమెరికా పాఠకుడికంటే ఒక పిసరు ఎక్కువే గుచ్చుకుంటుంది.

అర్జెంటీనా నుంచి ఎల్ ఎటెర్నౌటా. ఎక్తోర్ ఒస్టెర్‌హెల్డ్ రాయగా సొలానో లోపెస్ గీసిన ఈ కథ 1957 నుంచి 1959 దాకా వారం వారం వచ్చింది. బ్యూనస్ ఐరిస్ శివార్లలో ఒక రాత్రి నలుగురు స్నేహితులు పేకాడుకుంటుంటారు. బయట మంచు కురుస్తుంది, తాకినవాళ్లు తాకినట్టే చనిపోతుంటారు. ఇంట్లో ఉన్న సామానుతో, ఈత ముసుగుతో రక్షణ దుస్తులు కుట్టుకుని బయటికి వెళ్లే ఘట్టం చదివితే అసలైన సైన్స్ ఫిక్షన్ ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. ఇందులో హీరో ఒక్కడు కాదు, గుంపు మొత్తం. సైనిక నియంతృత్వం 1977లో ఒస్టెర్‌హెల్డ్‌ను ఎత్తుకుపోయింది. ఆయన మళ్లీ కనిపించలేదు. ఆయన నలుగురు కూతుళ్లనూ ఆ ప్రభుత్వమే పొట్టన పెట్టుకుంది. రక్షకుడు ఆకాశం నుంచి దిగిరాడన్న ఆ కథను ఆ మనిషి ఎంత మనసుపెట్టి రాశాడో ఇది తెలిశాక ఇంకా బాగా అర్థమవుతుంది.

జపాన్ నుంచి ఒకటి చెప్పమంటే అందరూ ఆకిరా అంటారు. 2,000 పేజీలు దాటే ఆ ఆరు సంపుటాలు చదవాల్సినవే. నగరం కూలే దృశ్యాలను దాని సృష్టికర్త కత్సుహిరో ఒటోమో గీసినట్టు ఇంకెవరూ గీయలేదు. కానీ మీకు ముందుగా మకోతో యుకిమురా ప్లానెటెస్ ఇస్తాను. 2070లలో భూమి చుట్టూ తిరిగే పాత ఉపగ్రహాల తుక్కు ఏరే పారిశుద్ధ్య కార్మికుల కథ అది. అంతరిక్షంలోనూ చెత్త ఎత్తేవాళ్లకు గౌరవం తక్కువే. జపాన్ పుస్తకాలను కుడి నుంచి ఎడమకు చదవాలి, పది పేజీల్లో అలవాటైపోతుంది. ఫ్రాన్స్ నుంచి మోబియస్ బొమ్మల కోసం ఇన్‌కాల్ చూడండి, కథ మాత్రం అందరికీ ఎక్కదు.

చదివే పద్ధతి గురించి రెండు మాటలు. పేజీ తెరవగానే మాటలు చదవకండి, ముందు పేజీ మొత్తాన్ని ఒక చూపు చూడండి. తర్వాత చదవండి. ఆ తర్వాత మాటలు లేని ప్యానెళ్ల దగ్గర ఆగండి. ఫోనులో ఒక్కో ప్యానెల్‌నే పెద్దదిగా చూపించే సౌకర్యం ఉంటుంది, దాన్ని ఆపేయండి. పైన వాచ్‌మెన్ గురించి చెప్పిందంతా అందులో మాయమైపోతుంది. పేజీ పూర్తిగా కనిపించే టాబ్లెట్ అయితే ఫర్వాలేదు. కాగితం మీద కావాలంటే విడి సంచికలు కాకుండా సంపుటాలు కొనండి, ఖర్చు తగ్గుతుంది. హైదరాబాదులో ఉంటే ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ల మీద ఓపిగ్గా వెతకండి, పాత సంచికలు ఇప్పటికీ తగులుతుంటాయి. ముందుముందు ధర పెరుగుతుందని మాత్రం కొనకండి. 1990లలో అమెరికాలో జనం అలా ఎగబడి కొన్నారు. ఆ బుడగ పేలినప్పుడు ఎన్నో దుకాణాలు మూతపడ్డాయి. 1996 చివరికి మార్వెల్ కంపెనీ కూడా దివాలా పిటిషన్ వేసింది.

మీ అమ్మాయికి వాచ్‌మెన్ ఇప్పుడే వద్దు. ద విజన్ కూడా మరో నాలుగైదేళ్లు ఆగవచ్చు. జి. విల్లో విల్సన్ 2014లో మొదలుపెట్టిన మిస్ మార్వెల్ ఇవ్వండి. జెర్సీ సిటీలో పాకిస్తానీ కుటుంబంలోని పదహారేళ్ల కమలా ఖాన్ కథ. ఇంట్లో అమ్మానాన్నల ఆంక్షలు, బయట కొత్త శక్తులు. ఆ వంటింటి మాటలు మన ఇళ్లలో వినిపించేవే. తొలి సంపుటానికి 2015లో హ్యూగో వచ్చింది. ఆ తర్వాత జీన్ లూయెన్ యాంగ్ రాయగా గురిహిరు గీసిన సూపర్‌మ్యాన్ స్మాషెస్ ద క్లాన్. 1946లో కొత్త పేటకు మారిన చైనా కుటుంబాన్ని జాతి విద్వేషులు వెళ్లగొట్టాలని చూస్తారు. సూపర్‌మ్యాన్ ఇక్కడ కూడా మొదట ఎగరడు, పరుగెడతాడు, గెంతుతాడు. ఎందుకన్నది కథలో కీలకం, కాబట్టి చెప్పను. మూడు భాగాలూ ఒకే పుస్తకంగా దొరుకుతుంది. అమ్మాయి చదివాక మీరూ తీసుకుని చదవండి, 1938 నాటి మొదటి పేజీని పక్కన పెట్టుకుని.